ఆరు మిల్లీమీటర్ల హైలం షీట్, మూడు రోజుల తిప్పలు

సంక్రాంతికి వస్తున్నా, ఏం తేవాలో చెప్పండని బావ డాలస్ నుంచి ఫోన్ చేశాడు. అమ్మ బాదం పప్పు అంది, చెల్లెలు సెంటు సీసా అంది. నేను ఇంటేక్ మ్యానిఫోల్డ్, అంటే ఇంజిన్ సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుంపు, అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఫొటో పంపాక, "ఏంది బామ్మర్దీ ఇది, నాలుగు కాళ్ల జంతువు లెక్కుంది" అన్నాడు.

పాపం, సాఫ్ట్‌వేర్ మనిషి. జన్మలో పానా పట్టలేదు. అయినా నా కోసం రెండు శనివారాలు పాత కార్ల యార్డులో గడిపి, ఒక హోండా సివిక్ ఈఎక్స్ నుంచి దాన్ని ఊడదీశాడు. 1996 నుంచి 2000 దాకా అమెరికాలో అమ్మిన సివిక్ ఈఎక్స్‌లో డి16వై8 అనే ఇంజిన్ ఉండేది. 1.6 లీటర్లు, 127 హార్స్‌పవర్. హోండా డి సిరీస్ ఇంజిన్ల మీద పిచ్చి ఉన్నవాళ్లకు ఆ ఇంజిన్ మ్యానిఫోల్డ్ అంటే ప్రాణం. అల్యూమినియంది, గాలి నిలిచే గది పెద్దది, సిలిండర్లకు వెళ్లే గొట్టాలు వెడల్పు. బావ దాన్ని టవల్‌లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర ఆపి తెరిపించారట. కారు పార్టని చెబితే, ఆ ఆఫీసర్ నాలుగు రంధ్రాల్లోకి టార్చి వేసి చూసి పంపించాడట. ఆవకాయ జాడీలు అటు వెళ్లిన సూట్‌కేసులోనే ఇది ఇటు వచ్చింది. అందుకే కాబోలు, మొదటి రోజు దాని నుంచి నూనె వాసనతో పాటు ఇంకేదో వాసన కూడా వచ్చింది.

నా కారు 2002 నాటి హోండా సిటీ, 1.5 వీటెక్. నాన్న కొన్నది. ఏపీ 24 నంబరు, అంటే పాత నల్లగొండ జిల్లా రిజిస్ట్రేషన్. 106 హార్స్‌పవర్ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో గానీ, అప్పట్లో ఆ ధరకు అంత చురుకైన బండి ఇంకోటి లేదనే నా నమ్మకం. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పైకి పోయాక ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి, గాలి లోపలికి వదిలే ఇంటేక్ వాల్వులను, వాటిని ఎక్కువగా తెరిచే పెద్ద క్యామ్‌కు అప్పగిస్తుంది. వీటెక్ అంటే అదే. అక్కడ ఇంజిన్ గొంతు మారుతుంది. ఆ గొంతు కోసమే ఈ కారును అమ్మకుండా ఉంచాను.

మ్యానిఫోల్డ్ చేసే పని చెప్పడానికి తేలికే. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ నుంచి వచ్చిన గాలిని నాలుగు సిలిండర్లకు పంచుతుంది. కానీ గాలి ఒక్క తీరుగా పారదు. వాల్వు మూసుకున్న ప్రతిసారీ గొట్టంలో గాలి కొట్టుకుని వెనక్కి అలలా పోతుంది, మళ్లీ వస్తుంది. ఆ అల తిరిగొచ్చే సమయానికి వాల్వు తెరుచుకుంటే సిలిండర్లోకి కాస్త ఎక్కువ గాలి దూరుతుంది. గొట్టం పొడవుగా, సన్నగా ఉంటే ఇది తక్కువ ఆర్‌పీఎంలో జరుగుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉంటే పై ఆర్‌పీఎంలో జరుగుతుంది. రెండు చోట్లా కావాలంటే కుదరదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అయినా ఆ సివిక్ మ్యానిఫోల్డే నా సిటీకి వేశాను.

ఇంతవరకూ వేరేవాళ్లు చేసిందే నేనూ చేశాను. తెలివి ఎక్కువై సొంతంగా కలిపింది ఒకటుంది. నల్లగొండ ఎండలు మీకు తెలుసు. మే నెలలో 44, 45 డిగ్రీలు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి 6 శాతం పలచన. అంటే ఇంజిన్‌కు అందే గాలి కూడా అంతే తగ్గుతుంది. దానికి తోడు ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్ వేడి అల్యూమినియం గుండా మ్యానిఫోల్డ్‌కు ఎక్కి, లోపలికి పోయే గాలిని ఇంకా కాల్చుతుంది. ఈ రెండింటి మధ్య వేడి దాటని పలక ఒకటి పెడితే? విదేశాల్లో ఇలాంటివి రెడీమేడ్‌గా అమ్ముతారు. మనకు ఎలక్ట్రికల్ షాపులో హైలం షీట్ దొరుకుతుంది. స్విచ్ బోర్డులకు వాడే ఆ గోధుమ రంగు పలకే. ఫినాలిక్ రెసిన్‌తో చేసేది కాబట్టి వేడికి కరగదు. 6 మిల్లీమీటర్ల మందంది తెచ్చాను.

పని చేసింది దేవరకొండ రోడ్డులో ఒక చాచా షెడ్డులో. నాన్న కాలం నుంచి మా కారు చూసేది ఆయనే. మ్యానిఫోల్డ్‌ను చేతిలో తిప్పి చూసి, "మాల్ మంచిదే బేటా" అన్నాడు. హైలం ముక్క చూపిస్తే మాత్రం కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇదెందుకు?" అన్నాడు. నేను 6 శాతం లెక్క చెప్పాను. ఆయన టీ తాగుతూ మొత్తం విన్నాడు. "సరే, నీ బండి" అన్నాడు. ఆ రెండు మాటలు ఏ అర్థంలో అన్నాడో నాకు మూడో రోజు తెలిసింది.

మొదటి రోజంతా విప్పడానికే సరిపోయింది. ముందు పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే ఆగిపోయేదాకా వదిలాం. లైన్‌లో ప్రెషర్ ఉండగా పైపు విప్పితే పెట్రోల్ ముఖాన చిమ్ముతుంది. తర్వాత బ్యాటరీ తీసి, కూలెంట్ దించి, ఒక్కో హోస్ పైపుకూ స్టిక్కర్ అంటించి నంబరు వేశాను. బ్రేక్ బూస్టర్‌ది ఒకటి, క్రాంక్‌కేస్ గాలిది ఒకటి, వేడినీళ్లవి రెండు. ఫోన్‌లో అరవై ఫొటోలు తీశాను. నట్లు, బోల్టులు కలిసిపోకుండా ఇంట్లోంచి ఇడ్లీ ప్లేట్లు తెచ్చుకున్నా. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు. ఇంతకంటే మంచి ట్రే ఏ కంపెనీ చేయలేదు. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "అరే, పొద్దున పిండి పులిసి పొంగుతున్నది, నా ప్లేట్లు ఏడబోయినయ్ రా?" అంది. నిజం చెప్పలేదు.

ఈ ఇంజిన్‌లో మ్యానిఫోల్డ్ ముందు ఉండదు. వెనక, డ్యాష్‌బోర్డు వైపు గోడకు ఆనుకున్నట్టు ఉంటుంది. పై నట్లు పది నిమిషాల పని. కింది నట్లకు కారు కింద పడుకుని, రెండు ఎక్స్‌టెన్షన్ రాడ్లు, మధ్యలో ఒక జాయింటు తగిలించి, కంటికి కనపడకుండా వేలితో తడుముతూ 12 నంబర్ సాకెట్ ఎక్కించాలి. మ్యానిఫోల్డ్ బరువు వేలాడకుండా కింద నుంచి ఇంజిన్ బ్లాక్‌కు ఒక ఇనుప బ్రాకెట్ కూడా ఉంటుంది. దాని బోల్టులు రెండు. ఆ బ్రాకెట్‌ను గుర్తుపెట్టుకోండి. కింది నట్లలో ఒక్కదానికే గంటన్నర పట్టింది. అది వదిలినప్పుడు చాచా బయట నుంచి, "ఇరిగిందా, ఊడిందా?" అని అడిగాడు. ఊడింది.

పాత మ్యానిఫోల్డ్ బయటికి రాగానే హెడ్‌లోని గాలి దూరే నాలుగు పోర్టులు నోళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. ఒక్క చిన్న వాషర్ లోపల పడినా హెడ్ విప్పాల్సిందే. పోర్టుకొక గుడ్డ చొప్పున కుక్కాం. చాచా లెక్క పెట్టమన్నాడు. "నాలుగు పెట్టినం, నాలుగు తియ్యాలె" అని రెండుసార్లు చెప్పాడు. గాలి కారకుండా మధ్యలో పెట్టే పలుచటి షీటు, అదే పాత ప్యాకింగ్, హెడ్‌కు అతుక్కుపోయింది. నేను బ్లేడు తీస్తే లాక్కున్నాడు. అల్యూమినియం మెత్తన, బ్లేడు గీత పడితే గాలి అక్కడి నుంచే పోతుంది. జేబులోంచి గడువు తీరిన ఏటీఎం కార్డు తీసి దానితో గీకాడు. ఓపిగ్గా, గోడకు సున్నం గీకినట్టు.

రెండో రోజు నేను మిర్యాలగూడ వెళ్లాను. హైలం పలక 6 మిల్లీమీటర్లు కలిసింది కదా, హెడ్‌లో ఉన్న స్టడ్లు (నట్లు ఎక్కించే తల లేని బోల్టులు) పొట్టివైపోయాయి. నట్టు సగం మరలకే పడుతోంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పుణ్యాన లేత్ షాపులకు కొదవ లేదు. మిల్లు షాఫ్టులు, పుల్లీలు తిప్పేవాళ్లకు ఎం8 (8 మిల్లీమీటర్ల) స్టడ్లంటే పిల్లలాట. 8.8 గ్రేడ్ బోల్టుల నుంచి పొడవు స్టడ్లు చేసిచ్చాడు. హైలం పలకకు నాలుగు పోర్టుల రంధ్రాలూ అతనే కోశాడు. ఆ దుమ్ము పీలిస్తే మంచిది కాదని మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. "దేనికన్నా ఇది?" అని అడిగితే మళ్లీ 6 శాతం కథ చెప్పాను. మిల్లులో ధాన్యం తేమ శాతం విన్నట్టు తలూపాడు.

పాత స్టడ్లు తీయడం చూడముచ్చటగా ఉంటుంది. స్టడ్ మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదాన్నొకటి కరుచుకునేలా బిగించి, లోపలి నట్టుకు పానా వేసి తిప్పితే స్టడ్ మొత్తం బయటికొస్తుంది. అన్నీ అలా తీసి కొత్తవి వేశాం. హెడ్‌కూ హైలంకూ మధ్య ఒక ప్యాకింగ్, హైలంకూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య ఇంకొకటి. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు కొత్త ఓ రింగులు (రబ్బరు రింగులు), ఒక్కోదానికి వేలితో నూనె రాసి. నట్లు మధ్య నుంచి అంచులకు, మూడు విడతల్లో, చివరికి 23 న్యూటన్ మీటర్లకు బిగించాలి. నా దగ్గర ఆ బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంది. చాచా ముందు మామూలు పానాతో బిగించాడు. నేను రెంచ్‌తో చెక్ చేస్తే రెండు నట్లే కొద్దిగా తిరిగాయి. ఆయన ఏమీ అనలేదు, మీసం మాత్రం కదిలింది.

అప్పటికి సాయంత్రం ఏడు. చాచా నమాజుకు వెళ్లాడు. మిగిలింది కింది బ్రాకెట్ ఒక్కటే, నేనే వేసేద్దామనుకున్నా. కింద దూరాను. మొదటి బోల్టు పట్టింది. రెండోది రంధ్రానికి అందడం లేదు, కాస్త పక్కకు ఉంది. ఒక ఇనుప రాడ్ దూర్చి మ్యానిఫోల్డ్‌ను లాగిపట్టి, బోల్టు ఎక్కించి, ఊపిరి బిగబట్టి బిగించాను. పట్టింది. గెలిచాననుకున్నాను.

మూడో రోజు పొద్దున స్టార్ట్ చేశాం. మొదటి తిప్పుకే అందుకుంది. తర్వాత మొదలైంది. ఆర్‌పీఎం ముల్లు 1,100 నుంచి 1,800కు ఎగిరి, పడి, మళ్లీ ఎగురుతోంది. ఉయ్యాల ఊగినట్టు. ఎక్కడో సన్నటి ఈల. దానికి తోడు సైలెన్సర్ దగ్గర చేయి పెడితే ఒక దెబ్బ తప్పుతోంది.

ఇక్కడ కాస్త విషయం చెప్పాలి. ఈ కారు గాలిని నేరుగా కొలవదు. మ్యానిఫోల్డ్‌లో ఎంత ప్రెషర్ ఉందో చూసి, గాలి ఇంత అని లెక్క కట్టి పెట్రోల్ వేస్తుంది. కాబట్టి దొంగ దారిన గాలి దూరినా లెక్కలోకే వస్తుంది, ఇంజిన్ ఆగిపోదు, ఊరికే నిలబడ్డప్పటి వేగం (ఐడిల్) పైకి పోతుంది. పోయాక కంప్యూటర్, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంత ఆర్‌పీఎం ఏంటని పెట్రోల్ ఆపుతుంది. పడిపోగానే మళ్లీ ఇస్తుంది. ఆ ఉయ్యాల అదే. లీకు ఒక పోర్టు పక్కనే ఉంటే, ఆ సిలిండర్‌కు మాత్రం గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు. దెబ్బ తప్పేది అందుకు. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. వెలిగి ఉంటే కనీసం ఏదో ఒక దిక్కు దొరికేది.

చాచా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూశాడు. మూడింటికి ఇంజిన్ గునిసింది. నాలుగోది, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కది, పీకినా తేడా లేదు. పొగ ఎటు లాగుతుందో చూద్దామని నేను ఊదుబత్తి వెలిగించుకొచ్చాను. ఆయన నన్ను షెడ్డు బయటికి తోశాడు. "పెట్రోల్ పక్కన అగ్గి పెడ్తవా? చదువుకున్నవ్ గదరా!" తర్వాత పక్కన కడుతున్న ఇంటి మేస్త్రీ దగ్గర నుంచి లెవెల్ పైపు, అదే నీళ్లతో గోడ మట్టం చూసే పారదర్శకమైన పైపు, రెండు గజాలు తెప్పించాడు. ఒక కొస చెవిలో, ఇంకో కొస ఇంజిన్ మీద. ప్యాకింగ్ అంచు వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు. నాలుగో పోర్టు పై అంచు దగ్గర చేయి ఆగింది. పైపు నాకిచ్చాడు. ప్రెషర్ కుక్కర్ కూతకు ముందు వచ్చే చప్పుడు, చెవిలోనే. ఇంజెక్షన్ సిరంజితో అక్కడ రెండు చుక్కల నీళ్లు వదిలాడు. ఉయ్యాల ఆగింది. ముల్లు 900 దగ్గర నిలబడింది. నీళ్లు లోపలికి లాగేశాక మళ్లీ మొదలు.

ఆయన నట్ల జోలికి పోలేదు. నేరుగా కారు కిందికి పోయాడు. బయటికొచ్చి, "కింద బోల్టు ఎవరేసిన్రు?" అన్నాడు.

సంగతి ఇది. హైలం పలక మ్యానిఫోల్డ్‌ను 6 మిల్లీమీటర్లు బయటికి జరిపింది. బ్రాకెట్ మాత్రం బ్లాక్‌కు ఉన్నచోటే ఉంది. రెండింటి రంధ్రాలు ఎలా కలుస్తాయి? నేను రాడ్‌తో లాగి కలిపాను. అంటే మ్యానిఫోల్డ్ అడుగును ఇంజిన్ వైపు గుంజి కట్టేశాను. అడుగు లోపలికి పోతే పై అంచు నోరు తెరుస్తుంది. పైన నట్లు ఎన్ని న్యూటన్ మీటర్లకు బిగిస్తేనేం, కింద ఒక్క బోల్టు దాన్నంతా తలకిందులు చేసింది. చాచా ఆ బోల్టు వదులు చేసి పైకి రమ్మన్నాడు. ఈల సగానికి తగ్గింది. "బోల్టు ముందు వేళ్లతోటి తిరగాలె. తిరగకుంటే తప్పు బోల్టుది గాదు" అన్నాడు. నేను రాడ్ సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు. రాడ్ మాత్రం కారు కిందే పడి ఉంది.

మళ్లీ మొత్తం విప్పాం. ప్యాకింగ్ ఒకవైపు నలిగిపోయింది. ఇంకోటి నల్లగొండలో దొరికేది కాదు. అప్పుడు చాచా చేసిన పని నేను ఎన్నాళ్లైనా మర్చిపోను. ప్యాకింగ్ షీటు తెచ్చి మ్యానిఫోల్డ్ ముఖం మీద పరిచి, గుండ్రటి తల సుత్తితో అంచుల వెంట చిన్న చిన్నగా కొట్టుకుంటూ పోయాడు. టక్ టక్ టక్, మొత్తం వీధి వినేలా. కింద అల్యూమినియం అంచు ఎక్కడుందో అక్కడ షీటు తెగిపోతుంది. ముందు రెండు బోల్టు రంధ్రాలు తీసి, వాటిలో బోల్టులు దించి షీటు కదలకుండా చేశాడు. తర్వాత నాలుగు పోర్టులు. గీత గీయలేదు, కొలత తీయలేదు. నలభై నిమిషాల్లో ప్యాకింగ్ తయారైంది, ఫ్యాక్టరీదాని పక్కన పెడితే తేడా కనిపించలేదు. బ్రాకెట్ రంధ్రాలను నేను ఆకురాయితో రాకి పొడవు చేశాను. నా శిక్ష అదే అనుకున్నా. గంట పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. ఈసారి రెండు బోల్టులూ వేళ్లతో తిరిగాయి.

స్టార్ట్ చేస్తే 800 దగ్గర కూర్చుంది. లెవెల్ పైపుతో మళ్లీ అంచంతా విన్నాను. ఇంజెక్టర్ల టిక్ టిక్ తప్ప ఏమీ లేదు.

మధ్యలో ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ఇంజిన్ అదే, సైలెన్సర్ అదే, చప్పుడు అదే అని నేను నాకు చెప్పుకుంటాను గానీ, ఇది చదివి ఎవరైనా పానా పట్టుకుంటే ఈ సంగతి తెలిసి పట్టుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పడం కూడా మంచిది, రేపు క్లెయిమ్ రోజున మాటలు రాకుండా.

ఇంతకీ తేడా వచ్చిందా? అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డులో తెల్లారుజామున తీసుకెళ్లాను. రెండో గేరులో 4,500 దాటాక ఇంజిన్‌కు ఇంకో ఊపిరి వచ్చినట్టుంది. ఇదివరకు 6,000 దగ్గర ఆయాసపడేది, ఇప్పుడు ఆ ఆయాసం లేదు. ఇంజిన్ బలం కొలిచే డైనో లేదు కాబట్టి ఎన్ని గుర్రాలు పెరిగాయో చెప్పను. చెప్పేవాళ్లను నమ్మను కూడా. కింద మాత్రం పోయింది. క్లాక్ టవర్ దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటాక మూడో గేరులో లాక్కుపోయే బండి, ఇప్పుడు రెండో గేరు అడుగుతోంది. ఏసీ వేస్తే ఇంకాస్త బద్ధకం. నాన్న ఒక రోజు పెద్ద గడియారం సెంటర్ నుంచి ఇంటికి నడిపి తాళాలు ఇస్తూ, "బండి ముసలిదైంది రా" అన్నాడు. లక్షణంగా 4,500 దాటించమని ఆయనకు ఎలా చెప్పను?

హైలం పలక పని చేసింది. మే నెలలో సూర్యాపేట నుంచి మధ్యాహ్నం వచ్చి బానెట్ ఎత్తితే, ఇదివరకు మ్యానిఫోల్డ్ మీద చేయి పెట్టలేకపోయేవాణ్ణి. ఇప్పుడు అయిదారు సెకన్లు ఉంచగలుగుతున్నా. ఆ 6 శాతంలో ఎంత తిరిగొచ్చిందో తెలియదు, చేయి కాలకపోవడం మాత్రం తెలుస్తోంది.

వేడెక్కి చల్లారే కొద్దీ కొత్త ప్యాకింగ్ కుంగుతుంది, అందుకని 500 కిలోమీటర్ల తర్వాత రమ్మన్నాడు చాచా. వెళ్లాను. పై నట్లలో మూడు పావు తిప్పు తీసుకున్నాయి. కింది బ్రాకెట్ దగ్గరికి నన్నే పంపి, తను స్టూలు మీద కూర్చుని టీ తాగాడు. ఇడ్లీ ప్లేట్లు ఆ షెడ్డులోనే ఉన్నాయి, ఇప్పుడు వాటిలో ఆయన స్పార్క్ ప్లగ్గులు పెట్టుకుంటున్నాడు. అమ్మకు కొత్తవి కొనిచ్చాను.